నేను తుడిచింది బల్లనే

భర్త పోయాక నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. ఒకరోజు నేను కంప్యూటర్ బల్ల తుడిచి వచ్చానో లేదో, పరీక్ష పేపర్ ఫైలు ఖాళీ అయిందని సెంటర్ నడిపే సారు పిల్లలందరి ముందు అరిచాడు.

"అంతా నువ్వే తుడిచినవ్. రేపటి సంది రాకు."

"తడిబట్టతోని తుడిస్తే లోపలి అక్షరాలు పోతయా సారూ?" అన్నాను. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఆ పని తప్ప వేరే ఆధారం లేదు.

సారు ఫోన్ చేస్తే నారాయణగూడ నుంచి కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చాడు. "పరేషాన్ కాకు అక్కా. ఈ మిషన్ రోజూ పొద్దున ఏడింటికి, పగలు పన్నెండింటికి ఫైళ్లను ఎట్లున్నయో అట్లనే దాచిపెడతది" అని పాత కాపీలు తెరిచాడు. నిన్న పన్నెండింటి కాపీలో పేపరంతా ఉంది. ఇవాళ ఏడింటి కాపీలో ఏమీ లేదు. నేను పనికొచ్చేది ఎనిమిదింటికి, పోయేది పదకొండింటికి.

"నిన్న పన్నెండు దాటినంక దీని ముందు ఎవరు కూసున్నరు సార్?" అని అతను అడిగాడు.

కూర్చున్నది సారే. "మిషన్ తప్పే అయ్యుంటది" అని గొణిగి లోపలికి పోయాడు. నన్ను రావద్దన్న మాట వెనక్కి తీసుకోలేదు.

నాకు సంతకం తప్ప చదువు రాదు. అయినా నిన్న తాను చేసింది నేడు గుర్తులేని మనిషి, ఊళ్లో పిల్లలందరికీ పరీక్షలు పెడుతున్నాడంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.