పాలచెట్టుకు సపోటా బిళ్ల

పెనుకొండ బస్టాండులో దిగాక కూడా గంగాధర్ కాసేపు బస్సు కమ్మీ పట్టుకునే నిలబడ్డాడు. ఈమధ్య మోకాళ్లు చెప్పిన వెంటనే కదలడం లేదు.

"దిగితివి గదా పెద్దాయనా, ఇంక బస్సును వదులప్పా," అన్నాడు కండక్టరు.

సోమందేపల్లి నుంచి ఇంత ఎండలో వచ్చింది మొక్కలు అమ్మడానికి కాదు, మాట పడడానికి. పెనుకొండలో ఆటో తోలే యూనస్ టీ కొట్టు దగ్గర కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాడట: "గంగాధర్ మామ సపోటా అని బిళ్ల కట్టి ఇచ్చిన చెట్టు, రేగుపండ్లంత కాయలు కాసింది. మా యమ్మ పదేండ్లు నీళ్లు పోసింది దానికి." మామిడి అంట్లు తీసుకుంటానన్న చెన్నేకొత్తపల్లి రైతు ఆ మాట విని, "చూద్దాంలేప్పా," అని ఫోను పెట్టేశాడు.

గంగాధర్‌కు పొలం లేదు. కుర్రతనంలో హిందూపురం పక్కన ఒక తోటలో కూలికి కుదిరాడు. అక్కడ అంట్లు కట్టే ఎర్రప్ప పని ఎవరికీ నేర్పేవాడు కాదు. కత్తి తీశాడంటే అందరికీ వీపు పెట్టి కూర్చునేవాడు. పట్టకుండా ఎండిపోయిన అంట్లను మాత్రం దిబ్బలో పారేసేవాడు. గంగాధర్ వాటిని ఏరుకొచ్చి, కట్లు విప్పి, కోత ఎక్కడ వంకర పోయిందో, తొక్కకు తొక్క ఎక్కడ తగల్లేదో చూసుకునేవాడు. అలా చచ్చిన మొక్కల దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత ధర్మవరం రైల్వే స్టేషను బయట, హిందూపురం సంతలో, పెనుకొండ బస్టాండులో గోనె పరిచి మొక్కలు అమ్ముతూ తల నెరిపించుకున్నాడు. నూనె డబ్బా రేకును బిళ్లలుగా కత్తిరించి, మేకుతో పొడిచి పేరు వేసి, ఇనుప తీగతో మొక్కకు కట్టేవాడు. సిరా అయితే వానకు పోతుంది, మేకుపోటు పోదు. గంగాధర్ బిళ్ల మీద ఏముంటే చెట్టుకు అదే కాస్తుందని జనం అనుకునేవాళ్లు.

హైవే పక్కన రంగుల బొమ్మల బోర్డులు పెట్టిన నర్సరీలు లేచాక గోనె దగ్గర ఆగేవాళ్లు తగ్గారు. చివరికి బిళ్ల మీద జనం అనుకునే ఆ ఒక్క మాటే మిగిలింది. ఇప్పుడు అది కూడా పోయేలా ఉంది.

యూనస్ తల్లి పీరాంబీ బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతుంది. గంగాధర్ వాళ్లింటికి వెళ్లేసరికి పెరట్లో చేట పెట్టుకుని కాయల్లో మట్టి ఏరుతోంది. ఆ చెట్టుకు కొంచెం ఎడంగా, నుదుట గోరింటాకు పెట్టిన పొట్టేలు పచ్చగడ్డి నములుతోంది. బక్రీదు దగ్గర పడింది.

"రాప్పా గంగాధరా, నీ సపోటాలు తినిపోదువు గానీ రా," అని ఆమె ఒక గిన్నె ముందుకు తోసింది. గిన్నెలో వేలిగోరంత పసుపు పండ్లు. "నా మనవరాలు గోళీలనుకోని ఆడుకుంటాండాది."

గంగాధర్ ఒకటి నోట్లో వేసుకున్నాడు. జిగురు పెదాలకు అంటుకుంది. "పాలపండ్లక్కా ఇవి. తియ్యగుండాయి గదా."

"బెల్లం గూడా తియ్యగుంటాది. దాన్ని సపోటా అంటామా?"

"పాలమొక్క వేరు మీదనే సపోటా కొమ్మ కడతాము. ఆ వేరైతే మన ఎండకు ఓర్చుకుంటాది."

"అట్లయితే పైనుండే సపోటా యాడికి పాయ? నువ్వు కట్టనేలేదేమో."

ఆ మాట గంగాధర్‌కు ఎండకన్నా గట్టిగా తగిలింది. చెట్టు మొదట్లో మెల్లగా కూలబడి, మట్టి తోసి, మాను తడిమాడు. రేకుబిళ్ల తీగ తొక్కలోకి దిగబడి ఉంది. జానెడు ఎత్తున బొటనవేలంత ఎండుమోడు వేళ్లకు తగిలింది. దాని కింద, పక్కకు మొలిచిన కొమ్మే ఇంత చెట్టయింది.

"ఈడ చూడక్కా. ఈ మోడు నేను కట్టిన సపోటా. దీని తల పోయింది. తల పోతే కిందుండే పాలమొక్క చిగురేసింది. తల తీసిందెవురు?"

"ఎవురు తీస్తారు? బిడ్డను సాకినట్ల సాకినా..." అంటూ పీరాంబీ ఆగిపోయింది. ఆమె చూపు పొట్టేలు మీదికి పోయింది. చేటలో చెయ్యి చేటలోనే ఉండిపోయింది.

"నాటిన ఏడాదే," అంది. "బక్రీదుకు తెచ్చిన పొట్టేలు తాడు తెంపుకోని కొరికేసింది. నేను చూస్తానే ఉంటి. కుర్బానీ జీవాన్ని కొట్టగూడదు, కసరగూడదు. నాలుగు దినాలుండే జీవం, తిననీలే అనుకుంటి. పండగయినాక కిందనుంచి చిగురొచ్చె. అల్లా బతికించినాడని బియ్యం కడిగిన నీళ్లు పోస్తి. ఆకు చిన్నగుంటే ఎండకేమో అనుకుంటి."

గంగాధర్ మాట నిలబడింది. అక్కడికక్కడ లేచి వెళ్లిపోవచ్చు. కానీ అతనికి సంతోషం కలగలేదు. ఇంత దూరం వచ్చిన అలసట ఒక్కసారిగా నడుములోకి దిగింది.

"కొళాయి ఒకదినం వస్తే రెండు దినాలు రాదప్పా," అంది పీరాంబీ, ఎవరితోనో అన్నట్టు. "వీధి చివర్నుంచి బిందె మోసినా. పాలచెట్టుకా మోసింది నేను?"

"నీళ్లు యాడికీ పోలేదక్కా. వేరు బాగుండాది. ఇప్పుడు మాను నరుకుతా. కొత్త చిగుర్లొస్తాయి. వానలు పడినాక వాటికి సపోటా కడతా."

"అంటు పట్టుకుంటాదా?"

గంగాధర్ కుడిచెయ్యి చాపి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "చెప్పలేను. ముందట్ల లేదు."

అంతలో యూనస్ ఆటో ఆపి లోపలికి వచ్చాడు. "ఏం మామా, ఏం కత చెప్పినావు మా యమ్మకు?"

"నోరుముయ్‌రా. చెట్టు తల తినింది మన పొట్టేలే. పో, టీ కొట్టుకాడ అది గూడా చెప్పు, అందురూ వింటారు," అంది తల్లి.

యూనస్ మెడ గోక్కున్నాడు.

"వద్దులేబ్బా," అన్నాడు గంగాధర్. "చెప్పితే ఆడ ఇంకో మాట పుడతాది. రంపముంటే తే."

మొలెత్తున మాను కోశారు. కోసినచోట తెల్లటి పాలు ఊరి కిందికి కారాయి. పీరాంబీ అటు చూడకుండా శెనక్కాయలు ఏరుకుంటూ కూర్చుంది. పోతూ పోతూ గంగాధర్ పొట్టేలు వైపు చూసి ఏదో అనబోయాడు.

"తెలుసులేప్పా," అంది ఆమె.

వానలు మొదలయ్యాక గంగాధర్ తడిగుడ్డలో సపోటా పుల్లలు చుట్టుకుని మళ్లీ బస్సు దిగాడు. పెరట్లో మోడు చుట్టూ చిగుర్లు ఉన్నాయి. ఒక్క ఆకుకైనా పంటిగాటు లేదు.

"మా యమ్మ పండగదాకా ఈడనే మంచమేసుకోని పండుకున్యాది మామా," అన్నాడు యూనస్. "పొట్టేలు ఇటు తిరిగితే దాని గడ్డం పట్టుకోని, 'దా బంగారూ, దా నాయనా' అని బతిమాలి వాకిట్లోకి తోలకపోయేది. నన్నెప్పుడూ అట్ల పిల్చిండ్లేదు."

"నువ్వు మాట వింటే గదా పిల్చేదానికి," అంది పీరాంబీ లోపల్నుంచి.

మొదటి కోత వంకర పోయింది. గంగాధర్ ఆ పుల్లను పారేసి, మోచెయ్యి మోకాలికి ఆనించుకుని ఇంకోటి కోశాడు. యూనస్ చిగురు కదలకుండా పట్టుకున్నాడు. తొక్కకు తొక్క తగిలించి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టి, మూడుచోట్ల కట్టేసరికి గంగాధర్ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

పీరాంబీ పాత రేకుబిళ్లను బూడిదతో తోమి తెచ్చింది. మేకుపోట్లు ఇంకా చదవడానికి వస్తున్నాయి. "కట్టప్పా ఇది."

"ఇప్పుడు గాదక్కా. ఆకు రానీ," అని బిళ్లను ఆమె చేతిలోనే ఉంచాడు.

"అయితే మళ్లా రావల్ల గదా నువ్వు."

"రావల్ల," అన్నాడు గంగాధర్. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, ఒకసారి ఆగి, లేచాడు.