షాకబ్సర్లకు నేను కట్టిన కట్టు

రాసుకో బిడ్డా, ఏదీ దాచను. మీ అమ్మ పరీక్షను ఈ రెండు చేతులతో నేనే ముంచాను.

ఇరవై ఏళ్లు దాటింది. నాగిరెడ్డిపేటలో ఉండేవాళ్లం. నేను బీడీలు చుట్టేదాన్ని. మీ అమ్మకు కామారెడ్డిలో టీచరు ట్రైనింగు ఎంట్రన్సు. ఏడాదంతా దానికే చదివింది. ముందురోజు చూస్తే, మీ తాత మోటారు సైకిల్ ముందు షాకబ్సర్లు, అంటే గుంతలో పడినప్పుడు కిందికీ మీదికీ ఆడే ఆ రెండు గొట్టాలు, జలుబు చేసిన పిల్లాడి ముక్కులా కారుతున్నాయి.

"లోపల నూనెను ఆపే సీలు పోయినట్టుంది. ఎల్లారెడ్డికి పోయి ఏపిచ్చుకొస్త," అన్నాడు తాత.

"గింతదానికి మెకానిక్ ఎందుకు? గట్టిగ కడితే అదే ఆగుతది."

"గది పగిలిన వేలు కాదే, కట్టు కడితే మానేటందుకు."

"రోజుకు వెయ్యి బీడీలు చుడుత. రెండు గొట్టాలు చుట్టరాదా నాకు?"

పాత చీర ముక్క చుట్టి, దానిపైన బీడీ దారం ఊపిరాడకుండా బిగించాను. తెల్లారి చూస్తే నేల మీద ఒక్క చుక్క లేదు. నూనెంతా గుడ్డే తాగుతోందని నాకేం తెలుసు? పెద్దాసుపత్రి డాక్టరులా నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను.

"బస్సుకు పోదం బాపు," అంది మీ అమ్మ.

"బండి బాగైంది. దాని మీదనే పోదం, నేను గూడ వస్త," అని పెరుగన్నం డబ్బాతో మూడోదాన్ని నేనెక్కాను. చదివేవాళ్లు నా బరువు అడక్కండి.

ఎల్లారెడ్డి దాటగానే స్పీడ్ బ్రేకర్. గొట్టం దిగుతూ దిగుతూ నా గుడ్డను కూడా సీల్లోకి ఈడ్చుకుపోయింది. ఉన్న నూనె బుస్సున చిమ్మింది. మడుగును చూసిన బర్రెలా బండి ముందుకాళ్లు మడిచింది. ముగ్గురం మట్టిలో. దెబ్బలు మాత్రం చిన్నవే.

పక్కనే ఉన్న మెకానిక్ గొట్టంలోంచి చీర పేగులా లాగాడు.

"ఎవలు చుట్టిన్రే అన్నా దీన్ని?"

తాత పెరుగన్నం డబ్బాకు అంటిన మట్టి దులుపుతున్నాడు. తిట్టినా బాగుండేది.

"నేనే," అన్నాను.

"మంచిగ చుట్టినవ్ అవ్వా. అగ్గిపుల్ల గీకుడే తక్కువ."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వబోయి మీ అమ్మను చూశాను. హాల్ టికెట్‌కు అంటిన నూనెను చున్నీతో తుడుస్తోంది.

బస్సు దొరికి కామారెడ్డి చేరేసరికి గేటు మూసేశారు. బతిమాలినా తియ్యలేదు. ఆ ఏడాది అట్లా పోయింది. ఆ గేటు ఊచలు పట్టుకునే ఒట్టేశాను.

"బతికినన్ని దినాలు ఈ చేతులు బీడీ ఆకు మీదనే. ఇనుము జోలికి పోతే ఒట్టు."

మీ అమ్మ గేటు లోపలికే చూస్తూ మెల్లగా అంది.

"గా ఒట్టేదో నిన్న పెట్టుకుంటే అయిపోతుండె గదనే, అవ్వా."