ఒక్క ఊపిరి గీత

మొన్న మా మనవరాలు ట్యాబ్ మీద వేలితో నెమలి బొమ్మ వేస్తుంటే, వణికిన గీతను ఆ యంత్రమే నున్నగా సరిదిద్దేయడం చూసి నోరు తెరిచాను. డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, బొమ్మలేస్తూనే తల నెరిసిన నాకు ఆ క్షణాన శ్రీకూర్మం గుడి గోడ గుర్తొచ్చింది.

మాది విజయనగరం దగ్గర మేళం వాళ్ళ కుటుంబం. నాన్న సన్నాయి ఎత్తాడంటే పెళ్ళింట వంటవాళ్ళు కూడా గరిటె ఆపి వినేవారని నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నేను మాత్రం ఎంత సాధన చేసినా పిల్లికూతలు తప్ప స్వరం పలికించలేక, దొరికిన గోడ మీదల్లా బొగ్గుతో బొమ్మలు గీస్తూ తిరిగేవాణ్ణి. ఒక్కగానొక్క కొడుకుని కాబట్టి సన్నాయి నాతో ఆగిపోతుందని ఆయనకి బెంగ, బొమ్మలు మానమంటాడేమోనని నాకు బెంగ.

మీసాలొస్తున్న రోజుల్లో డోలోత్సవానికి మేళంతో పాటు శ్రీకూర్మం వెళ్ళాను. వాయిద్యం కాస్త తెరిపివ్వగానే గుడి లోపలి మండపంలో బొమ్మలున్న గోడ ముందుకెళ్ళి, అక్కడే నిలబడిపోయాను. రంగులు సగం రాలిపోయినా, స్వామి భుజం దగ్గర మొదలైన గీత చేయి వెంట సాగి, వేళ్ళను చుట్టి, ఎక్కడా ఆగకుండా పంచె కుచ్చెళ్ళలోకి జారిపోతోంది. తెలీకుండానే చేతులు జోడించాను. నిజం చెప్పొద్దూ, గర్భగుడి ముందు కూడా అంత భక్తిగా చేతులు జోడించి ఎరగను.

మేళం మళ్ళీ మొదలెట్టే వేళైనా నేను రాకపోయేసరికి నాన్న వెతుక్కుంటూ వచ్చాడు. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన నా పక్కన నిలబడి, ఊపిరి బిగబట్టి, ఆ గీత వెంట గాలిలో వేలు నడిపించి, గీత చివరికొచ్చాకే ఊపిరి వదిలాడు.

"ఎవడోగాని ఒక్క ఊపిరితో లాగీసినాడ్రా," అన్నాడు. నా వైపు చూడకుండానే, "సన్నాయి నాతోనే పోనీ. నువ్వు బొమ్మలే ఎయ్యి. గీత మజ్జిలో మాత్రం ఊపిరి ఇడిసీకు," అన్నాడు.

ఆ తరువాత శృంగవరపుకోటలో సినిమా బోర్డులు రాసే మావ దగ్గర రంగులు కలపడం నేర్చాను, పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలు చూశాను, కానీ అంతటి పాఠం ఇంకెవరూ చెప్పలేదు. నా క్లాసులో పిల్లలంతా ఊపిరి బిగబట్టి గీస్తుంటే, తనిఖీకి వచ్చిన ఆయన ఇది డ్రాయింగా, ప్రాణాయామమా అని అడిగాడు. రెండూనండీ అన్నాను.

ఇంతకీ మొన్న మనవరాలు ట్యాబ్ నా చేతికిచ్చింది. ఊపిరి బిగబట్టి నెమలి మెడ మొదలుపెట్టాను, సగంలోనే ఆయాసమొచ్చి గీత తెగింది. పిల్ల ఒక్క నొక్కుతో దాన్ని అతికేసింది. అద్భుతమే, కాదనను. నేను ఊపిరి అందక ఆగిన చోటుని నాన్నయితే ఇట్టే పట్టేసేవాడు. ఇప్పుడు ఎంత వెతికినా అది నాకే దొరకలేదు.