చేతులు చూపించాకే లోపలికి

మా ట్యూషన్ సారు పోయారు. ఆదివారం పొద్దున ఫోన్ ఎత్తింది అమ్మ. వింటూ వింటూనే ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు చూశాక నాకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

కెమికల్ ఇంజినీరింగ్ చదివే మాకు ఆయన ఆబిడ్స్‌లో ఒక పాత భవనం మేడమీద పాఠాలు చెప్పేవారు. కింది అంతస్తులో అమ్మ నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్. సారుది మెదక్. గల్ఫ్‌లో ఒక రిఫైనరీలో, ఆల్కైలేషన్ యూనిట్‌లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చారు. ఆయన గదిలోకి వెళ్లాలంటే గడప దగ్గర ఆగి రెండు చేతులూ చాపాలి. ముందు పైవైపు, తర్వాత అరచేతులు. కళ్లజోడు సవరించుకుని చూసి, "మంచిది, లోపటికి రా" అంటేనే అడుగు పెట్టాలి. ఆ యూనిట్‌లో షిఫ్టు దిగేవాళ్లు ఒకరి చేతులు ఒకరు అలా చూసుకునేవారట.

"పెళ్లిచూపులా సారూ?" అన్నాను ఒకరోజు.

"ఔ బిడ్డా. సావు సంబంధం కుదరొద్దని చూస్తున్న. నువ్వు జర కాలు ఊపుడు ఆపు."

రిఫైనరీలో మిగిలే తేలిక వాయువులను జతచేసి మేలైన పెట్రోలు చేయడమే ఆల్కైలేషన్. పుస్తకంలో అది వట్టి బాణం గుర్తులు. సారు నోట్లో అది నాంపల్లి ఎగ్జిబిషన్ సందడి. "బ్యూటీన్ అంటే అల్లరి పోరగాండ్లు. అందరినీ ఒక్కతాన ఇడిస్తె వాళ్లల్ల వాళ్లే అంటుకుంటరు, అంత జిగట జిగట అయితది. గందుకే ఒక్కొక్క పోరని చుట్టూత పెద్దమనుషులను నిలవెట్టాలె. గా పెద్దమనుషులే ఐసోబ్యూటేన్."

"మరి యాసిడ్ ఎవరు సారూ?"

"పెండ్లిండ్ల పేరయ్య. జత కుదుర్చుతడు, తను ఎవలింటికీ పోడు."

అక్కడిదాకా నవ్వించి, ఆయన గొంతు తగ్గించేవారు. ఆ యూనిట్‌లో వాడింది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. "ఇనుప పైపులల్ల బుద్ధిగ ఉంటది. గాజును తింటది. తోలు మీద పడితె ఎముక దాక పోతది. మొదలు నొప్పి గూడ తెల్వనియ్యదు." ఆయన సొరుగులో ఎప్పుడూ ఉండే కాల్షియం మాత్రలు పెద్దతనం వల్లనేమో అనుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం మెట్లెక్కబోతూ ఆయన అమ్మ ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో ఆగారు. నేను వెనకే ఉన్నాను. కిటికీలో ఒక పాత షర్బత్ సీసా ఉంది. తేటగా ఉండాల్సిన గాజు సగం దాకా మంచు పట్టినట్టు మసకబారింది.

"అమ్మా, గీ సీసల ఏం పోసిన్రు?"

"తుప్పు మరకల మందండీ. బేగం బజార్లో కొన్నాను. ఇనుప స్టూళ్ల కింద నేల చూడండి, ఎంత తెల్లగా వచ్చిందో!"

"గాజు సీసల పోసిచ్చిండా?"

"లేదు, ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చాడు. నేనే ఇందులో పోశాను."

"చేతులు చూపియ్యుండ్రి."

"చేతులకేమైందండీ? గుడ్డతో తుడిచానంతే. నొప్పి కూడా లేదు."

"నొప్పి లేదంటున్నరనే అడుగుతున్న."

ఎడమచేతి వేళ్ల కొసలు కొంచెం ఎర్రగా ఉన్నాయి, అంతే. సారు ఆమెను కొళాయి దగ్గరికి తీసుకెళ్లి నీళ్ల కింద చెయ్యి పెట్టించారు. సొరుగులోని కాల్షియం మాత్రల కోసం నన్ను పైకి పరుగెత్తించారు; ఆ యాసిడ్‌కు విరుగుడు అదేనట. మాత్రలు నూరి ముద్దచేసి వేళ్లకు పట్టించి, ముగ్గురం ఆటోలో నాంపల్లి వైపున్న దవాఖానకు బయలుదేరాం. దారంతా ఆయన ఒక్కటే అడుగుతున్నారు, "మంట లేస్తున్నదా?" అమ్మ ఒక్కటే చెబుతోంది, "లేదండీ."

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వేళ్లు తిప్పి చూశాడు. "ఏమీ లేదు కదా. ఆయింట్‌మెంట్ రాసిస్తాను, ఇంటికెళ్లండి."

అమ్మ వెంటనే లేచింది. "పరీక్షల బ్యాచ్ ఎదురుచూస్తోంది. టైపు నేర్పేదాన్ని, వేళ్ల సంగతి నాకు తెలీదా?"

ఎన్నడూ గొంతెత్తని మనిషి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. "తెలిస్తె కూసోండ్రి! ఆ వేళ్లు పోతె ఏం నేర్పుతరు?" తర్వాత డాక్టరు వైపు తిరిగి, "హైడ్రోఫ్లోరిక్ అని రాసుకోండ్రి సార్. పెద్ద డాక్టర్ని పిలువుండ్రి. అప్పటిదాక మేం కదలం."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ ముఖం తిప్పుకుంది. నాకు ఆయన మీద కోపం, ఆయన మాట నిజమవుతుందేమోనని భయం. పొద్దు వాలుతుండగా అమ్మ ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. సారు అప్పటికే లేచి డాక్టర్ల గది వైపు పరుగెత్తుతున్నారు.

పెద్ద డాక్టరు వచ్చి వేళ్లలోకి కాల్షియం ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే వేళ్లు దక్కేవి కావన్నారు. గోళ్లు నల్లబడి రాలాయి, మెల్లగా మళ్లీ వచ్చాయి. అమ్మ మళ్లీ టైపు మిషన్ ముందు కూర్చున్న రోజు మేడమీద పాఠం ఆగింది. సారు కిటికీ దగ్గర నిలబడి ఆ టకటకలు విన్నారు.

అంత పట్టుదల ఎందుకని తర్వాతెప్పుడో అమ్మే అడిగింది. "యూనిట్‌ల నా తోటోడు ఉండె. నొప్పి లేదన్నడు, తానం చేసి పండుకున్నడు. మళ్ల లేవలే," అన్నారు. కళ్లజోడు తీస్తూ, "ఆ దినం నేను చేతులు చూపియ్యమనలే."

నేను ఊళ్లు మారాను, ఉద్యోగాలు మారాను. ఎక్కడికెళ్లినా షిఫ్టు దిగగానే నా చేతులు నేనే తిప్పి చూసుకుంటాను.

అంత్యక్రియల రోజు చర్చిలో పాట అయిపోయింది. పెట్టె మూత తెచ్చారు. మేమంతా పక్కకు జరిగాం. అమ్మ మాత్రం ముందుకు వెళ్లింది. ఆయన తల దగ్గర ఆగి రెండు చేతులూ చాపింది. ముందు పైవైపు, తర్వాత అరచేతులు. మూత పట్టుకున్నవాళ్లు ఆగిపోయారు. చేతులు చాపి అలాగే నిలబడింది అమ్మ, లోపలికి రమ్మనే మాట కోసం ఆగినట్టు.