చైనా డాక్టరమ్మ ఇవ్వని మందు

మస్కట్‌లో, రూవిలోని ఒక లేడీస్ పార్లర్‌లో నాది ఐబ్రోస్ చేసే పని. దారం ఒక కొస పళ్ల మధ్య పట్టి, మిగతాది వేళ్లకు మెలేసి లాగాలి. నా చెయ్యి తేలికని, నా కోసమే కాచుకొని కూర్చునేవాళ్లు కొందరుండేవాళ్లు.

పెళ్లయి ఇక్కడికొచ్చాక ఆ వేళ్ల కణుపులే వాయడం మొదలైంది. పొద్దున లేస్తే పిడికిలి బిగవదు. జడ కూడా మా ఆయనే వేసేవాడు, వంకరటింకరగా. హాస్పిటల్‌లో రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ అన్నారు, మన కీళ్లవాతమే. వారానికోసారి మింగే మాత్ర రాశారు. కొన్ని నెలలకు వేళ్లు మళ్లీ నా మాట విన్నాయి.

తర్వాత మాకు బిడ్డ కావాలనిపించింది. ఆ మాట చెప్పగానే హాస్పిటల్ డాక్టరు ఆ మాత్ర ఆపించాడు. అది కడుపులో బిడ్డకు ప్రమాదమట. బదులు ఇచ్చిన మాత్రలు నా ఒంటికి చాల్లేదు. వాపు తిరిగొచ్చింది, ఈసారి మోకాళ్లకు కూడా.

ఒకరోజు నా దారం జారి ఒకామె కనుబొమ దగ్గర చర్మం గీసుకుంది. ఆమె మలయాళీ నర్సు. కోప్పడకుండా నా వేళ్లు పట్టుకొని చూసి, "మా క్లినిక్‌లో చైనా డాక్టరమ్మ ఉంది. సూదులు పెడుతుంది, వేర్ల మందులిస్తుంది. ఒకసారి రా" అంది హిందీలో.

ఇంట్లో చెబితే మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఆకుల మందు గదా మే, ఏమైతాది? పోదాం పా."

క్లినిక్ తలుపు తీయగానే, వినాయక చవితి రోజు పూజగదిలో వచ్చే మాచిపత్రి వాసన కొట్టింది. అదే జాతి ఆకును ఎండబెట్టి, చుట్టలా చుట్టి కాల్చి, కీళ్లకు వేడి చూపిస్తారట. డాక్టరమ్మ నా రెండు మణికట్లూ పట్టుకొని చాలాసేపు నాడి చూసింది. నాలుక చూపించమంది. ఏసీ గదిలో నొప్పి పెరుగుతుందా అని అడిగింది. నర్సు హిందీలో చెబుతూ వచ్చింది.

"ఈ జబ్బుకు మా దేశంలో ఒక వేరు ఉంది. వాపును బాగా దించుతుంది" అంది డాక్టరమ్మ. నాకు ప్రాణం లేచొచ్చింది. "పిల్లలున్నారా?"

"లేరు. దానికోసమే చూస్తున్నాం."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "అయితే ఇవ్వను. దాంతో నెలసరి ఆగిపోవచ్చు. కొందరికి మళ్లీ రాదు."

"ఆకుల మందుక్కూడా ఇదేనా?" అన్నాను, గొంతు పెరిగింది.

"హాస్పిటల్ మాత్ర ఎందుకు ఆపారో, ఇది ఇవ్వకపోవడానికీ అదే కారణం" అంది నెమ్మదిగా. "సూదులు పెడతాను. నొప్పి కొంత తగ్గొచ్చు. జబ్బు పోతుందని మాత్రం అనుకోవద్దు."

మెట్లు దిగుతూ ఏడ్చాను. మా ఆయన పక్కనే దిగాడు గానీ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే నొప్పని తెలుసు.

అయినా సూదులకు వెళ్లాను. సూది దిగిన చోట మంట ఉండదు, లోపలెక్కడో బరువుగా లాగినట్టుంటుంది. కొన్నాళ్లకు పొద్దుటి బిగుతు కాస్త సడలింది, నిద్ర పట్టింది. హాస్పిటల్ డాక్టరుకు చెబితే, "పెట్టించుకో. నా మాత్రలు మాత్రం మానొద్దు" అన్నాడు.

నెల తప్పాక నొప్పులు వాటంతటవే వెనక్కి తగ్గాయి. సూదులే పనిచేశాయని మా ఆయన అన్నాడు. ఫోన్‌లో మా అత్త తన మొక్కే అంది. కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి ఇలాగే తగ్గుతుందని, కాన్పయ్యాక తిరిగి రావచ్చని హాస్పిటల్ డాక్టరు చెప్పాడు. నేను చైనా డాక్టరమ్మనే అడిగాను. ఆమె నవ్వి నా కడుపు వైపు వేలు చూపించింది. గర్భిణికి పెట్టకూడదని ఒంటి మీద కొన్నిచోట్ల సూదులు మానేసింది కూడా.

పాప పుట్టింది. డాక్టరు చెప్పినట్టే నొప్పులూ వచ్చాయి. పాలు మాన్పించాక వారం మాత్ర మళ్లీ మొదలుపెట్టాను. వీలున్నప్పుడు సూదులకూ పోతుంటాను. ఐబ్రోస్ చేయడం మానుకొని పార్లర్‌లోనే కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. ఆమె ఆ రోజు ఆ వేరు ఇచ్చేసి ఉంటే అప్పుడు సంతోషంగా తినేదాన్నే. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పొద్దున్నే పాప నా వేలు పట్టుకొని లెమ్మని లాగుతుంది. వేడినీళ్లలో చేతులు ముంచి వస్తానంటే ఆగదు. ఆ కాస్త నొప్పినీ ఓర్చుకొని లేస్తాను.