రెండు గంటల అప్పగింత

ముప్ఫైనాలుగేళ్ళు నర్సుగా పనిచేసి విరమించిన ఆమెను ఊరంతా సిస్టరమ్మ అనే పిలిచేది. ఉద్యోగం ముగిసినా ఆ పిలుపు ఆమెను విడిచిపెట్టలేదు. మధ్యాహ్నం రెండు కొట్టగానే ఆమె కాళ్ళు వాటంతటవే లేచి నిలబడేవి; వార్డులో డ్యూటీ మారే వేళ అది. ముందు గదిలో గడియారాలు బాగుచేసుకునే భర్త కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే నవ్వేవాడు.

"నా కొట్లో ఇన్ని గడియారాలున్నాయి గానీ, సరైన టైము చూపించేది నువ్వొక్కదానివేనోయ్!"

"ఊరికే కూర్చోలేకపోతున్నానండీ. చేతులు ఖాళీగా ఉంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంది."

"అయితే ఆ వాగు మాస్టారి దగ్గరికి వెళ్ళు. ఆయనకి రెండు చేతులూ చాలడం లేదట."

వాగు మాస్టారంటే బడిలో బొమ్మలు నేర్పి విరమించిన డ్రాయింగు మాస్టారు. అద్దకం కార్ఖానా గొట్టం నుంచి వాగులోకి రంగునీళ్ళు దిగడం చూసి, పదకొండేళ్ళ క్రితం ఆయన ఒక చిన్న సంఘం పెట్టారు. తన ఊరి నీటికి ప్రతి పౌరుడూ సాక్షిగా నిలబడాలన్నది ఆయన విశ్వాసం. సభ్యులు పదిమంది. గది ఒకటి, బీరువా ఒకటి. ఆ బీరువా తాళంచెవి మాస్టారి జేబులో. సోమవారం సోమవారం సీసాలో నీళ్ళు పట్టడం, పరీక్షించడం, అర్జీలు రాయడం, అధికారులను కలవడం అన్నీ ఆయనే. మిగిలినవారు వెనక నిలబడి తలలూపేవారు. ఎవరేమడిగినా కణత మీద వేలితో తట్టి, "అంతా ఇక్కడుందమ్మా" అనేవారు.

వాగు దిగువ వీధులవాళ్ళు చేతులనిండా పుండ్లతో ఆసుపత్రికి రావడం సిస్టరమ్మ ఏళ్ళ తరబడి చూసింది. అందుకే ఆ సంఘంలో మనసారా చేరింది.

చేరిన రెండు నెలలకు మాస్టారి కుడికంటికి ఆపరేషను జరిగింది. మూడు వారాలు వంగకూడదన్నారు. ఆ మూడు సోమవారాలూ సంఘంలోని ఇద్దరు, బట్టలు కుట్టే టైలరమ్మ, బస్సు కండక్టరు కలిసి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చారు. పరీక్ష కాయితం పట్టీ ముంచితే రంగు మారలేదు. నీరు స్వచ్ఛమని సంతోషంగా రాసి అధికారులకు పంపేశారు. మాస్టారు ఎప్పుడూ వంతెన దాటి, అవతలి గట్టు దిగి, గొట్టానికి దిగువన నీళ్ళు పడతారని వాళ్ళకు తెలియదు. వాళ్ళు ఇవతలి గట్టునే, గొట్టానికి ఎగువన, ఇంకా చెడని నీళ్ళు పట్టారు.

జవాబు వెంటనే వచ్చింది. మీ పరీక్షల ప్రకారమే నీరు బాగున్నది గనుక ఫిర్యాదు మూసివేస్తున్నాము. అభ్యంతరముంటే మూడు నెలలు, ఒక్క వారమూ తప్పకుండా పరీక్షించి విచారణకు రండి. ఆ తరువాత ఇక తెరవబోము.

"పదకొండేళ్ళమ్మా!" అన్నారు మాస్టారు. "పదకొండేళ్ళ కష్టం మూడు సీసాల్లో పోసేశారు!"

టైలరమ్మ ముఖం కప్పుకుంది. "నేనింక రానండీ. నాకు సూదీ దారమే సరి."

కండక్టరు ఊరుకోలేదు. "మా బస్సులో అయితే టిక్కెట్టు మీద స్టాపు పేరుంటుంది మాస్టారూ. ఇక్కడేముంది? నీళ్ళు కనిపించాయి, పట్టాం."

సిస్టరమ్మ నెమ్మదిగా అడిగింది. "ఆవిడకి ఈ పని అప్పగించిందెవరు?"

ఆ ప్రశ్న ఆమె సొంతం కాదు. ఇరవై ఒకటో ఏట, వార్డులో కొత్తగా ఉన్నప్పుడు, అప్పటికే ఇంజెక్షను పడిన రోగికి ఆమె మరోసారి ఇచ్చేసింది. దైవం చల్లగా చూసి ఆ మనిషి కోలుకున్నాడు. అందరూ ఆమె మీద విరుచుకుపడుతుంటే పెద్ద సిస్టరు వచ్చి అడిగిన మొదటి మాట ఇదే. అప్పగించినవారెవరూ లేరని తేలింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ పెట్టిన నియమం, డ్యూటీ దిగే నర్సు డ్యూటీ ఎక్కే నర్సుకు ప్రతి మంచం దగ్గరా నిలబడి చెప్పాలి: ఏం చేశాను, ఏం మిగిలింది, దేన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఒక్క ప్రశ్న తనను నిలబెట్టిందని సిస్టరమ్మ నమ్మకం. రోజూ దేవుడికి చేతులు జోడించేటప్పుడు ఆ పెద్ద సిస్టరు ముఖమూ కళ్ళలో మెదిలేది.

"మాస్టారూ, మీ తలలో ఉన్నది మాకు అప్పగించండి."

"నేనింకా బతికే ఉన్నానమ్మా!"

"బతికున్నవాళ్ళే కదండీ అప్పగించగలిగేది."

కండక్టరుకు తాగుతున్న టీ పొలమారింది. మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు.

ఆ సోమవారం సభ్యులంతా వంతెన దాటారు. ఇక రానన్న టైలరమ్మే మెడలోని టేపు తీసి గొట్టం నుంచి కొలిచింది: పదిహేను అడుగులు. కండక్టరు పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం మొదటి పుటలోనే, మూడు వారాలు తప్పుచోట పట్టిన సంగతీ రాయించింది సిస్టరమ్మ. వార్డులో పొరపాటును చింపి పారేయరు. అక్కణ్ణుంచి ఒక్కో పనికి ఇద్దరు మనుషులు. అర్జీలకు ఇద్దరు, పరీక్షలకు ఇద్దరు. పని చేతులు మారేటప్పుడు నిలబడి అప్పగింత.

అంతా సాఫీగా సాగిందని కాదు. మాస్టారు సీసా లాక్కోబోయేవారు. టైలరమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాస్తుంటే సిస్టరమ్మకే కలం అందుకోవాలనిపించేది. ఒకసారి అందుకుంది కూడా.

"చూశావా సిస్టరమ్మా! నా రోగం నీకూ అంటుకుంది" అన్నారు మాస్టారు, పగ తీర్చుకున్నంత ఆనందంగా.

ఆమె సిగ్గుపడి కలం తిరిగి ఇచ్చేసింది.

విచారణ తేదీ వచ్చింది. సరిగ్గా ఆ ఉదయమే మాస్టారి ఎడమకంటి ఆపరేషను. "వాయిదా వేయించుకుంటాను" అన్నారాయన. అందరి చూపులూ సిస్టరమ్మవైపు తిరిగాయి. ఆమె నోరు తెరిచేలోగా టైలరమ్మ అంది, "నేను చెప్తానండీ. తప్పుచోట నీళ్ళు పట్టిందీ నేనే, సరైన చోట మళ్ళీ పట్టిందీ నేనే."

యజ్ఞశాలలోని ఋత్విజుల్లో ఒకడు మంత్రం చదవడు, హవిస్సు వేయడు. ఎక్కడైనా లోపం దొర్లితే సరిదిద్దడానికి మౌనంగా కూర్చుంటాడు. దొర్లకపోతే ఆ మౌనమే అతని వంతు. విచారణ గదిలో చివరి వరుసలో సిస్టరమ్మ అలా కూర్చుంది.

అధికారి కాయితాలు తిరగేశాడు. "ఈ నీళ్ళు ఎక్కడ పట్టారమ్మా?"

"వంతెన దాటి, అవతలి గట్టున, గొట్టానికి పదిహేను అడుగుల దిగువన. ప్రతి సోమవారం పొద్దున ఏడింటికి. పదమూడు వారాలు. ప్రతిసారీ కాయితం పట్టీ రంగు మారిందండి."

"మరి ఇంతకుముందు బాగున్నాయని మీరే రాశారే?"

సిస్టరమ్మ లేవబోయి ఆగింది. టైలరమ్మ పుస్తకం మొదటి పుట తెరిచి ఆయన ముందు పెట్టింది.

"అవి తప్పండి. గొట్టానికి ఎగువన పట్టాను. ఇదిగో, ఎక్కడ పట్టానో, ఎందుకు పొరపడ్డానో అంతా ఇందులో ఉంది."

ఆయన ఆ పుట చదివాడు, మళ్ళీ చదివాడు. "తన తప్పు తనే రాసుకుని తెచ్చినవాళ్ళను ఇక్కడ నేనింతవరకు చూడలేదు" అంటూ గుమాస్తాను పిలిచి ఉత్తర్వు చెప్పాడు: శుద్ధిచేసే తొట్టి కట్టేదాకా గొట్టం మూసి ఉంచాలి.

టైలరమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. తనకోసం ఎవరూ వెతకని ఆ క్షణంలో సిస్టరమ్మ కళ్ళు చెమర్చాయి. పెద్ద సిస్టరుకు మనసులోనే నమస్కరించింది.

వాళ్ళు కంటి ఆసుపత్రికి చేరేసరికి గోడ గడియారం రెండు చూపిస్తోంది. కంటికి కట్టుతో మాస్టారు పడుకుని ఉన్నారు. టైలరమ్మ మంచం పక్కన నిటారుగా నిలబడి అప్పగింత మొదలుపెట్టింది: ఏం జరిగింది, ఏం మిగిలింది, గొట్టం నిజంగా మూశారో లేదో ఎవరు కనిపెట్టుకుని ఉండాలి. మాస్టారు వింటూ దుప్పటి అంచు గట్టిగా పట్టుకున్నారు. కట్టు లేని కన్ను తడిసింది.

"చల్లగా ఉండు తల్లీ. వచ్చే సోమవారం ఎవరిది?"

"కండక్టరుగారిది. డాక్టరుగారు సరేనంటే, వచ్చే నెల మొదటివారం మీది."

"నాదా? ఇన్నాళ్ళయింది, దారి మర్చిపోయుంటానేమో!"

"పుస్తకంలో ఉంది మాస్టారూ," అంది టైలరమ్మ, "చూసుకుని వెళ్ళండి."