గాంధారం ముందు ఆగే చోటు

టాటానగర్ సిద్ధగోరాలో మా ఇంటి ముందుగదిలో ప్రతి ఆదివారం పొద్దున్నే మా మనవరాలు ఫోను గోడకి ఆనించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఫోనులోంచి చెన్నై టీచరమ్మ సంగీతం చెబుతుంది. కాఫీ పూర్తయ్యేదాకా పక్కన కూర్చుని వినడం నా అలవాటు. మొన్న ఆదివారం ఆ పిల్ల కల్యాణి రాగంలో పై స్థాయికి వెళ్తూ గాంధారం ముందు చటుక్కున ఆగింది. కళ్లు మూసుకుంది. తల కుడివైపుకి రవ్వంత వాల్చింది. ఆ తర్వాతే గాంధారం అందుకుంది. టీచరమ్మ మురిసిపోయి, "అదీ! అమ్మగారి బాణీ అంటే అదే" అంది. నేను కాఫీ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాను. ఆ ఆగడం, ఆ తల వాల్చడం ఎక్కణ్ణించి వచ్చాయో ఆ టీచరమ్మకి తెలియదు.

ఆ అమ్మగారు మా మేనత్త, మా నాన్న చెల్లెలు. పోయిన ఏడాది కన్నుమూసింది. దేశంలో ఆవిడ పాడని సభ లేదు, కప్పుకోని శాలువా లేదు. గాంధారం ముందు ఆవిడ పాటించే నిశ్శబ్దం గురించి పెద్దపెద్దవాళ్లు వ్యాసాలు రాశారు. ఆ క్షణంలో ఆవిడకి దేవుడు కనిపిస్తాడని ఒకాయన రాశాడు. పాపం, ఆవిడకి కనిపించేది మా తాతయ్య.

తాతయ్యది టాటానగర్ లోకో షెడ్డులో బాయిలర్ల పని. విజయనగరంలో కుర్రతనంలో కచేరీలు గోడవతల నిలబడి విని నేర్చుకున్న సంగీతాన్ని, రైలు ఉద్యోగంతో పాటు ఇంత దూరం మోసుకొచ్చాడు. ఇనుము మీద సుత్తి దెబ్బల మధ్య ఏళ్ల తరబడి బతికాక ఒక చెవి పూర్తిగా పోయింది. ఉన్న చెవిని కూతురి నోటి దగ్గర పెట్టుకుని, ఎడమపక్కన కూర్చునేవాడు. చేతిలో విరిగిన సుత్తి తాలూకు కర్రపిడి ఉండేది. దాంతో నేల మీద తాళం వేసేవాడు. స్వరం తప్పిందనిపిస్తే ఆ తాళం అత్త మీద పడేది. వీపు, మోచెయ్యి, ఎడమ చెంప, ఎక్కడ అందితే అక్కడ. ఒకసారి పన్ను ఊడితే, నోరు పుక్కిలించి వచ్చి మళ్లీ జంటవరసలు అందుకుంది. అప్పుడు ఆవిడ లంగావోణీల పిల్ల. నేను ఇంకా చిన్నదాన్ని, మంచం కింద దూరి అక్కణ్ణించే చూసేదాన్ని.

కొట్టిన చోట వెన్న కూడా ఆయనే రాసేవాడు. స్టేషను దగ్గర వేడి జిలేబీ కట్టించుకొచ్చి పక్కన కూర్చుని తినిపించేవాడు. అత్త ఏడుస్తూనే తిని, మంచం కింద ఉన్న నాకో ముక్క అందించేది. ఆయనకి ప్రేమ లేదని నేను అనను. ఉంది. ఆ ప్రేమంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. జిలేబీ కూడా ముట్టను.

పోనుపోను మిగతా స్వరాలన్నీ కుదిరాయి. పై గాంధారం ఒక్కటే ఆయనకి ఏనాడూ నచ్చలేదు. రోజూ అక్కడికి రాగానే దెబ్బ పడేది.

ఒక దసరాకి బిష్టుపూర్‌లో మన తెలుగువాళ్ల రామాలయంలో అత్త మొదటి కచేరీ పెట్టారు. "రేపు గాంధారం తప్పినాదా, పాట మానిపించి పెళ్లి సేసేత్తాను" అని తాతయ్య ముందే చెప్పేశాడు. ముందురోజు సాయంత్రం పక్క క్వార్టరు ఒడియా మావయ్య తన హార్మోనియం తెచ్చి కూర్చున్నాడు. అత్త పైకి వెళ్లింది. గాంధారం పలికింది. "మళ్లీ దిగిపోనాది!" అంటూ తాతయ్య పిడి ఎత్తాడు.

"ఒక్క నిమసం ఆగు నాన్నా, ఇదెలాగుందో సెప్పు" అని మా నాన్న హార్మోనియం మీద అదే గాంధారం నొక్కాడు.

తాతయ్య చెవి వంచి విన్నాడు. "అదీ తప్పే."

మెట్టు నొక్కితే పలికే పెట్టెకి తప్పు పాడాల్సిన ఖర్మేముంది? ఒడియా మావయ్య మెల్లగా, స్వరం బాగానే ఉంది, చెవి ఓసారి ఆస్పత్రిలో చూపించుకోండని హిందీలో అన్నాడు.

అంతే. తాతయ్య పిడి హార్మోనియం మీద దిగింది. తెల్ల మెట్లు ఎగిరి గోడకి కొట్టుకున్నాయి. అడ్డం వెళ్లిన నాన్న నుదురు చిట్లింది. మావయ్య చెప్పులు వదిలేసి పారిపోయాడు. తాతయ్య అత్త వైపు తిరిగి, "నా సెవి తప్పంతావేటే?" అని గర్జించాడు. దెబ్బ అత్త ఎడమ చెవి మీద పడింది. రక్తం మెడ మీదుగా జాకెట్టులోకి కారింది. రెండోసారి ఎత్తేలోపు వంటింట్లోంచి నాయనమ్మ వచ్చింది. బొగ్గులపొయ్యి మీద కాలిన అట్లకాడ తెచ్చి ఆయన మణికట్టు మీద అదిమిపెట్టింది. చర్మం చుర్రుమంది. పిడి కింద పడింది.

"ఇంకోపాలి సెయ్యెత్తితే ఆ రెండో సెవి కూడా ఉండదు" అంది నాయనమ్మ. అని, పెనం మీద అట్టు మాడిపోతోందని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అత్త చెవిలో దూది పెట్టుకుని పాడింది. గాంధారం ముందు ఆగింది. కళ్లు మూసుకుని, దెబ్బ తప్పించుకోవడానికి తల కుడివైపుకి వాల్చింది. దెబ్బ రాలేదు. అప్పుడు పాడింది. జనం ఆహా అన్నారు. తాతయ్య మళ్లీ ఎప్పుడూ చెయ్యెత్తలేదు. కట్టు కట్టిన చేత్తో గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని వినేవాడు. బాగుందనీ బాగోలేదనీ అనేవాడు కాదు.

అత్తకి బాగా పేరొచ్చాక ఒకసారి, కచేరీకి ముందు తలుపు వెనక ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుతూ అడిగాను, ఇంకా ఎందుకు అక్కడ ఆగుతావని. నవ్వింది. "ఆగితే దెబ్బ దాటిపోద్దే. నాన్న సచ్చిపోనాడని నాకు తెలుసు. నా మెడకి తెల్దు కదా" అంది.

ఆ మెడనే ఎందరో శిష్యురాళ్లు చూసి నేర్చుకున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇవాళ ఫోనుల్లో నేర్పుతున్నారు. ఎవరూ కొట్టని పిల్లలు లేని దెబ్బ తప్పించుకోవడానికి తల వాలుస్తున్నారు.

క్లాసు అయిపోయాక మనవరాలిని దగ్గరికి పిలిచాను. "ఏటే, అక్కడెందుకు ఆగేవు?"

"టీచర్ నే సిఖాయా, అమ్మమ్మా." టీచరమ్మే నేర్పిందట.

"ఆగకుండా పాడు."

"గలత్ నహీఁ హోగా?" తప్పయిపోతుందేమోనని దాని భయం.

"అవదు. ఇక్కడ కొట్టీవోలు ఎవరూ లేరమ్మా."

అది నా మొహం చూస్తూ పాడింది. ఎక్కడా ఆగలేదు, తల కదపలేదు. గాంధారం తిన్నగా, నిండుగా వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకున్నదాన్ని నేనే. తాతయ్య ఎప్పుడో ఎత్తిన చెయ్యి మా ఇంట్లో కిందికి దిగడానికి ఇన్నేళ్లు పట్టింది.